శుక్రవారం బ్యాకప్, బుధవారం ఫిర్యాదు

కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో, జనరేటరు గదిని ఆనుకుని, తలుపు మీద ఏ పేరూ లేని గది ఒకటి ఉంది. బయట ఎండ పేలిపోతున్నా లోపల స్వెటరు వేసుకునే కూర్చోవాలి. ఆ చలి మనుషుల కోసం పెట్టింది కాదు, యంత్రాల కోసం. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా స్వెటరు తొడుక్కుని కూర్చున్న మనిషిని ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా అందరూ నకళ్ళ బాబాయి అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఆసుపత్రి రాసుకున్న ప్రతి అక్షరానికీ ఇంకో నకలు తీసి దాచడం ఆయన ఉద్యోగం. ఎవరి కన్ను ఎప్పుడు కోశారు, ఎవరికి ఏ నంబరు అద్దాలు రాశారు, ఎవరికి ఏ చుక్కల మందు పడదు, అంతా కంప్యూటర్లో ఉంటుంది. ఆ కంప్యూటరే ఒకనాడు కన్ను మూస్తే? ఆ ప్రశ్నకే ఆయనకి జీతం.

ఉద్యోగం ఒంటికి పట్టేసింది. ఇంటి తాళంచెవులు మూడు జతలు. ఒకటి జేబులో, ఒకటి పక్కింటి టైలరు దగ్గర, మూడోది ఆ రెండూ ఎక్కడున్నాయో రాసిన కాగితంతో సహా ఆఫీసు సొరుగులో. కళ్ళజోళ్ళు రెండు. గొడుగులు రెండు. పెళ్ళయిన కొత్తలోనే పెళ్ళి ఆల్బం రెండు ప్రతులు చేయించి ఒకటి అత్తగారింట్లో పెట్టించాడు.

"ఇల్లు తగలబడి ఇల్లాలు పోయినా ఫోటో మిగలాలని కాబోలు," అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. "అంత ముందుచూపున్నవారు నాకూ ఒక నకలు తీయించుకోకపోయారా?"

"ఆ మాట ఆ రోజే అనుకున్నాను. గడుసుతనం కూడా రెండింతలవుతుందని మానుకున్నాను," అంటాడాయన, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వీధి తలుపు తీసి ఉంచుకుని మరీ.

అచ్చుయంత్రాలు లేని రోజుల్లో పుస్తకాలు చేత్తో ఎత్తి రాసేవాళ్ళు ఉండేవారు. వాళ్ళ సంగతి ఎక్కడ చదివినా ఒక అనుమానం మాత్రం తొలుస్తూనే ఉంటుంది: అంత కష్టపడి రాసినవాడు, రాసింది మళ్ళీ ఒకసారి చదివి చూసుకునేవాడా? ఎత్తి రాయడానికి చెయ్యి చాలు. తిరిగి చదవడానికి ఓపిక కావాలి. పెట్టెలో భద్రంగా ఉంది కదా అని మూత తీయకుండా వదిలేసిన పుస్తకాలు ఎన్ని ఉండి ఉంటాయో, అవి ఎన్ని తరాల చెదపురుగులని పోషించి ఉంటాయో! నకళ్ళ బాబాయి అలాంటి పుస్తకాల జోలికి పోయినవాడు కాదు గానీ ఈ అనుమానం మాత్రం ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయింది. అందుకే ఆయనకి శుక్రవారం పరీక్ష.

గదిలో ఒక మూల ఎవరూ వాడని ముసలి కంప్యూటరు ఉంటుంది. శుక్రవారం పదిన్నరకి, నకళ్ళు దాచే బ్యాకప్ పెట్టెలోంచి అన్నిటికన్నా కొత్త నకలు తీసి, దాన్ని ఆ ముసలిదాంట్లోకి ఎక్కించి, లేచి కూర్చుంటుందో లేదో చూస్తాడు. ఇది పదకొండేళ్ళ అలవాటు. లేచి కూర్చుంటే చాలదు, తాజాగా కూడా ఉండాలి. తాజాతనం తెలియడానికి తేదీలు చూడొచ్చు, సైజు చూడొచ్చు. ఆయన వాటిని నమ్మడు. ఒకే ఒక్క రోగిని వెతుకుతాడు. మొదట్లో తన రికార్డే వెతుక్కునేవాడు గానీ, ఏడాదికోసారి కళ్ళు చూపించుకునే రోగి తాజాతనానికి ఏం పనికొస్తాడు? రెండేళ్ళ కిందట అత్తగారు కూతురి దగ్గరే ఉండిపోదామని వచ్చాక ఆయన కష్టం తీరింది.

అత్తగారికి కంట్లో ఒత్తిడి. నెలకోసారి వస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది. "మీకు చాలుతుందేమో, నాకు చాలదు," అని ఆవిడ బుధవారం బుధవారం ఇస్త్రీ చీర కట్టుకుని రావడం మొదలుపెట్టింది. కింద కంప్యూటర్లో చీటీలు రాసే నర్సు ఒకావిడ ఉంది. చెప్పింది చెప్పినట్టు రాయడం తప్ప వేరే పాపం ఎరగదు. "రోగి ఫిర్యాదు" అనే గడిలో అత్తగారు ఏమంటే అదల్లా పడిపోతుంది: చుక్కలు వేస్తే మంటగా ఉంది. అక్షరాలు మసక. గదిలో బల్బు గుడ్డిగా ఉంది. వరండాలో కుర్చీలు గట్టిగా ఉన్నాయి.

బుధవారం నాటి ఫిర్యాదు శుక్రవారం నకల్లో కనపడిందా, బ్యాకప్ బతికున్నట్టే. నకళ్ళ బాబాయి నోటుపుస్తకంలో తేదీ వేసి, గుర్తుకి ఫిర్యాదులోంచి ఒక్క మాట ఎక్కించి, పక్కన టిక్కు పెడతాడు. "మంట, సరి. బల్బు, సరి. మసక, సరి. బల్బు, సరి." అలా రెండేళ్ళు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. అయితే తన గదిలో గోడంత తెర ఒకటి పెట్టించాడు. ఆసుపత్రిలో యంత్రాలు చేసే ప్రతి పనికీ దాని మీద ఒక దీపం. పని అయితే పచ్చ, కాకపోతే ఎరుపు. పొద్దున్నే వచ్చి ఆ పచ్చదనం ముందు నిలబడి, తోటకి నీళ్ళు పెట్టినవాడిలా మురిసిపోతాడు. వారం తిరక్కుండానే ఆయనకి పచ్చదీపం సార్ అని పేరు పడింది.

ఒక సోమవారం ఆయన నకళ్ళ బాబాయిని పిలిపించాడు.

"బాబాయిగారూ, మీ శుక్రవారం పరీక్షలో ఇన్నేళ్ళకి ఎన్ని తప్పులు దొరికాయి?"

"ఒక్కటీ దొరకలేదు సార్."

"అదే కదండీ నేనంటున్నది!"

"నేననేదీ అదే సార్."

ఇద్దరూ ఒకే మాట అన్నారు గానీ గెలిచింది మేనేజరే. తెర ఉండగా మళ్ళీ మనిషెందుకు? వచ్చే సోమవారం నుంచి బాబాయి కింద దుప్పట్ల గది చూసుకోవాలి. "ఈ శుక్రవారం ఆఖరిసారి చేసుకోండి, మీ తృప్తి కోసం," అన్నాడు ఉదారంగా. నిజానికి అప్పటికే మూడు శుక్రవారాలు పరీక్ష జరగలేదు. రెండు శుక్రవారాలు ఆ తెర వాడకం నేర్పిస్తామని కూర్చోబెట్టారు. మూడోసారి ముసలి కంప్యూటరు ఫ్యాను పోయింది.

దుప్పట్ల గదిని తలుచుకుంటేనే నకళ్ళ బాబాయికి నీరసం వచ్చింది. నాలుగు వందల దుప్పట్లు, అన్నిటిదీ ఒకే మొహం. ఏది అసలు, ఏది నకలు? అలాంటి చోట తనలాంటివాడు ఏం చేసుకు బతకాలి? శుక్రవారం పొద్దున మెట్లెక్కుతూ ఆయన ఒక అనకూడని కోరిక కోరుకున్నాడు. ఈ ఒక్కసారికి, ఒక చిన్న తప్పు, రోగులెవరికీ ఇబ్బంది లేని తప్పు దొరికితే బావుణ్ణు. వెంటనే చెంపలు వేసుకున్నాడు. కోరిక మాత్రం అప్పటికే బయల్దేరిపోయినట్టుంది.

పదకొండున్నరకి నకలు ఎక్కింది. అత్తగారిని వెతికాడు. ఉంది. ఆఖరి ఫిర్యాదు చూశాడు: "బల్బు ఇంకా అదే." తేదీ చూశాడు. ఇరవై మూడు రోజుల కిందటి బుధవారం.

ఆ తర్వాతి మూడు బుధవారాలూ లేవు. మొన్న బుధవారం ఆవిడకి ఆటో పిలిచింది తనే కదా! కొత్త నకలని తీసింది మూడు వారాల పాతది. దాని తర్వాత పెట్టెలో ఏమీ లేదు. ముప్పై రోజులు దాటిన నకలు దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి, ఇంకో ఎనిమిది రోజులైతే ఆ ఒక్కటీ ఉండదు.

ఆసుపత్రి లెక్కలు తీసిచ్చే రిపోర్టుల అమ్మాయి ఏదో కాగితం కోసం లోపలికి వచ్చేసరికి ఆయన స్వెటరులో చెమటలు కక్కుతున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"అత్తయ్య కనపడటం లేదమ్మా! మూడు వారాలైంది."

"అయ్యో! ఇన్నాళ్ళకా చెప్పేది? పోలీసులకి చెప్పారా?"

"ఇంట్లో ఉంది తల్లీ, నిక్షేపంలా ఉంది. బ్యాకప్‌లో లేదు."

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూలబడింది.

మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి ఆయన తెర ముందు నిలబడి ఉన్నాడు. బ్యాకప్ అన్న వరసలో మూడు వారాలూ పచ్చగా నవనవలాడుతున్నాయి.

"మూడు వారాలుగా ఒక్కరోజూ బ్యాకప్ అవలేదా? మరి ఈ పచ్చలేమిటండీ?"

"అదే తెలియట్లేదు సార్."

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి బాబాయిగారూ. పదకొండేళ్ళు దొరకని తప్పు సరిగ్గా ఆఖరి శుక్రవారం నాడే దొరికిందంటే... వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

వినేవాళ్ళు ఏమనుకుంటారో ఆ గదిలో ఇద్దరికీ అర్థమైంది. పొద్దున మెట్ల మీద కోరుకున్న కోరిక గుర్తొచ్చి నకళ్ళ బాబాయికి చెవులు వేడెక్కాయి.

"నాలుగింటికల్లా కారణం తెస్తాను సార్," అన్నాడు.

"తేండి. తేకపోతే సోమవారం దుప్పట్లు. ఈ మాట కూడా దుప్పట్ల కిందే ఉండిపోతుంది."

ఇక్కడ ఆ గదిలో యంత్రాల కాపురం సంగతి కొంచెం చెప్పాలి. ఆసుపత్రి రికార్డులన్నీ ఉండే డేటాబేసు ఒక్క సర్వరు మీద, అంటే ఒక్క పెద్ద కంప్యూటరు మీద ఉండదు, రెంటి మీద ఉంటుంది. దాన్ని క్లస్టర్ అంటారు. నకళ్ళ బాబాయి వాటిని పెద్దకోడలు, చిన్నకోడలు అంటాడు. ఓపీ చీటీలు, ఆపరేషన్లు, మందులు అన్నీ చూసుకునేది పెద్దకోడలు. చిన్నకోడలు పక్కనే నిలబడి, పెద్దది రాసిన ప్రతిదీ అదే క్షణంలో తనూ రాసుకుంటుంది. పెద్దది పడిపోతే చిన్నది ఆ పీట మీద కూర్చుంటుంది. బయటివాళ్ళకి తేడా తెలియదు. "రెండోది ఉండగా మళ్ళీ నకలెందుకండీ?" అని మేనేజరు ఒకసారి అడిగాడు. "పెద్దది పొరపాటున ఒక రోగిని చెరిపేస్తే, చిన్నది అదే క్షణంలో భక్తిగా తనూ చెరిపేస్తుంది సార్," అన్నాడు బాబాయి. అందుకే వాటికి దూరంగా, వేరే పెట్టెలో, రోజూ ఒక బ్యాకప్.

ముందు పెట్టె చూశాడు. కావలసినంత చోటుంది. బ్యాకప్ తీసే ఖాతాకి పాస్‌వర్డు గడువు తీరిందేమో చూశాడు. తీరలేదు. తీగలు, స్విచ్చి, అన్నీ బాగానే ఉన్నాయి. ఈ మూడు వారాల్లో పీట మారిందా అంటే అదీ లేదు. పెద్దకోడలు పెద్దకోడలే. రిపోర్టుల అమ్మాయి తన పని మానుకుని పక్కన కూర్చుంది. ఒంటిగంటన్నరకి, తెచ్చుకున్న అన్నం డబ్బా మూతైనా తీయకుండానే, ఆయన ఒక్కొక్క సర్వరు దినచర్య చదవడం మొదలుపెట్టాడు.

"పెద్దకోడలు: బ్యాకప్ పని, విజయం. చిన్నకోడలు: బ్యాకప్ పని, విజయం," అని పైకి చదివాడు. రోజూ ఇద్దరూ విజయమే.

"ఎంతసేపు పట్టింది బాబాయ్?" అంది ఆ అమ్మాయి ఊరికే.

ఆయన చూసి కళ్ళజోడు మార్చుకున్నాడు. రెండో జోడులోనూ అదే కనపడింది. "ఒక్క సెకను."

"నలభై నిమిషాలు పట్టాలి కదా?"

"పట్టాలి."

అప్పుడు తెలిసింది అసలు కథ. రెండు సర్వర్ల మీదా బ్యాకప్ పని రోజూ ఒకే వేళకి నిద్ర లేస్తుంది. లేచి ముందుగా అడిగేది ఒక్కటే: "ఇవాళ వంతు నాదేనా?" అవునంటే నలభై నిమిషాలు ఒళ్ళు వంచుతుంది. కాదంటే "నా పని అయిపోయింది" అని రాసేసి మళ్ళీ ముసుగు తన్నుతుంది. అబద్ధం కూడా కాదు. తన పనేం లేదు, అది అయిపోయింది. తెరకి కావలసింది ఆ మాటే, దీపం పచ్చబడుతుంది.

వంతు ఎవరిదో తేల్చే పట్టీ తెరిచాడు. పెద్దకోడలి పేరు పక్కన టిక్కు: దీనికి బ్యాకప్ పని చెప్పవద్దు. అది ఆరేళ్ళ కిందట తనే పెట్టాడు, పాపం పగలంతా రోగులతో సతమతమవుతుందని. చిన్నకోడలి పేరు పక్కన ఇంకో టిక్కు: దీనికీ చెప్పవద్దు.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు కోపంగా.

ఆ అమ్మాయి గోళ్ళు చూసుకుంది. "నేనే అడిగాను బాబాయ్. నా రిపోర్టులు చిన్నదాని మీదే కదా నడుస్తాయి, బ్యాకప్ అవుతుంటే మొరాయిస్తోందని. ఓ గురువారం వచ్చి, చిన్నదాన్ని కాస్త వదిలేయండి బాబాయ్ అన్నాను."

"నువ్వు అడిగితే మాత్రం? పెట్టిన బుద్ధిమంతుడెవరు?"

ఆ అమ్మాయి మార్పుల రిజిస్టరు తీసి ముందుకి తోసింది. ఇరవై రెండు రోజుల కిందటి గురువారం. "చిన్నదానికి విశ్రాంతి." కింద సంతకం, తోకలో మెలికతో సహా, నకళ్ళ బాబాయిదే.

ఎవరో ఒక అత్తగారు ఇద్దరు కోడళ్ళకీ వేరువేరుగా "నువ్వు పడుకోవే తల్లీ" అని చెప్పి, అంట్లు అవే కడుక్కుంటాయని అనుకున్నట్టయింది. ఆయన కాసేపు ఆ సంతకాన్ని చూశాడు. రిజిస్టరులో ఒక్క పేజీ. చిన్నగా చింపితే శబ్దం కూడా రాదు. తప్పు యంత్రానిదవుతుంది, పేరు తనదవుతుంది, కుర్చీ ఇక్కడే ఉంటుంది. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రిజిస్టరుకి నకలు ఉంది. నెలనెలా తనే తీసి, మేనేజరు బీరువాలో, పై అరలో, తనే సర్ది పెట్టాడు.

"అంత జాగ్రత్త పనికిరాదు బాబాయ్," అంది ఆ అమ్మాయి, ఆయన మొహం చదివేసి.

చిన్నకోడలి టిక్కు తీసేశాడు. బ్యాకప్ తీశాడు. నలభై రెండు నిమిషాలు పట్టింది. దాన్ని ముసలి కంప్యూటరు మీదకి ఎక్కించి చూస్తే, అత్తగారు మొన్నటి బుధవారంతో సహా దర్జాగా ప్రత్యక్షమైంది. నాలుగుకి పది నిమిషాలుండగా రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

"కారణం దొరికింది సార్."

"ఏమిటది?"

"నేనే."

మేనేజరు అంతా విన్నాడు. రిజిస్టరు చూశాడు. తెర వైపు చూశాడు, పచ్చగా నవ్వుతోంది. మొదటిసారి ఆయనకి ఆ నవ్వు నచ్చలేదు.

"తప్పు చేసింది మీరే, పట్టుకున్నదీ మీరే. మిమ్మల్ని తిట్టాలో పొగడాలో తెలియట్లేదు. ఎలా పట్టుకున్నారు అసలు?"

"మా అత్తగారి ఫిర్యాదు చూసి సార్."

అంటే ఏమిటో చెప్పేసరికి మేనేజరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "రెండేళ్ళుగా ఒక రోగి రికార్డు చెప్పకుండా చూస్తున్నారా? ఆసుపత్రి నియమం తెలుసు కదండీ మీకు?"

నకళ్ళ బాబాయికి ఆ నియమం కంఠతా వచ్చు. దానికి రెండు నకళ్ళు కూడా తీశాడు. అది అత్తగారికి వర్తిస్తుందని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

"సరే," అన్నాడు మేనేజరు చివరికి. "శుక్రవారం పరీక్ష ఉంటుంది, మీరూ ఉంటారు. ఒక్కటే షరతు. ఆవిడ ఒప్పుకున్నట్టు సంతకం సోమవారం పదింటికల్లా నా బల్ల మీద ఉండాలి. లేకపోతే పరీక్షా లేదు, ఆ గదీ లేదు. దుప్పట్లే."

ఆ సాయంత్రం అత్తగారు వరండాలో పత్రిక ముక్కుకి ఆనించుకుని చదువుతోంది. అల్లుడు ఎదురుగా కూర్చుని కాగితం బయటికి తీశాడు. విషయమంతా చెప్పాడు. ఆవిడ పత్రిక మడిచింది.

"అంటే, అల్లుడుగారూ, నేను ఆ నర్సమ్మకి చెప్పుకునేవన్నీ మీరు చదువుతున్నారన్నమాట."

"చదవడమంటే... చూడటం అత్తయ్యగారూ. ఉందో లేదో అని."

"ప్రతి వారమూ?"

"ప్రతి శుక్రవారమూ," అన్నాడు కొంచెం గర్వంగానే. రుజువుగా నోటుపుస్తకం కూడా చూపించాడు. అది పొరపాటు.

ఆవిడ కళ్ళ దగ్గర పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చదివింది. "బల్బు, సరి. బల్బు, సరి. మసక, సరి. బల్బు, సరి." పేజీ తిప్పింది. "బల్బు, సరి." ఇంకో పేజీ. వంటింట్లోంచి కూతురు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏం సరి నాయనా?" అంది అత్తగారు. "రెండేళ్ళుగా నా గదిలో గుడ్డి బల్బే వెలుగుతోంది. అల్లుడి ఇంట్లో అది కావాలి ఇది కావాలి అని నోరు తెరవడానికి మొహమాటం. దీనికి చెబితే మీ మీదకి లేస్తుంది. అందుకని ఆ నర్సమ్మకి చెప్పుకుని గుండెల్లో బరువు దింపుకునేదాన్ని. లోకంలో ఎవరికీ తెలియదనుకున్నాను. తెలిసినవారు ఒక్కరున్నారన్నమాట, టిక్కులు పెడుతూ!"

"బాగుంది! మా అమ్మ ఫిర్యాదుకి నకలు తీశారు గానీ బల్బు తేలేదు," అంది భార్య.

ఆ క్షణంలో నకళ్ళ బాబాయికి చిన్నకోడలు గుర్తొచ్చింది. రోజూ లేచి, చూసి, విజయం అని రాసి పడుకున్న చిన్నకోడలు. చెమటలు మళ్ళీ పట్టాయి, ఈసారి స్వెటరు కూడా లేదు.

"సంతకం సంగతి ఆలోచించి చెబుతాను," అని అత్తగారు పత్రిక తెరిచింది.

శనివారం పొద్దున్నే దుకాణం తలుపులు తీసేటప్పటికి ఆయన బయట నిలబడి ఉన్నాడు. బల్బులు రెండు కొన్నాడు. స్టూలెక్కి తనే బిగించాడు. అత్తగారు మంచం మీద కూర్చుని పత్రికని చెయ్యి చాచినంత దూరాన పట్టుకుని రెండు వరసలు చదివింది, పై కప్పు మూలల్లో సాలెగూళ్ళు కూడా చూసింది. సంతకం మాత్రం పెట్టలేదు. శనివారం గడిచింది. ఆదివారం ఆయన సాలెగూళ్ళు దులిపాడు. సోమవారం పొద్దున కాఫీ కప్పు కింద కాగితం దొరికింది. సంతకం ఉంది. పైన, అచ్చు అక్షరాల మధ్య సందులో, చేత్తో ఇంకో ముక్క చేర్చి ఉంది: "చదివినవారే చేయించవలెను."

మేనేజరు అది చదివి, రెండోసారి కూడా చదివి, తనూ కింద సంతకం పెట్టాడు. ఆ వారమే ఆయన తెర మీద దీపాలకి కొత్త షరతు పెట్టించాడు: కొత్త నకలు పెట్టెలో కనపడితేనే పచ్చ.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. నకలు ఎక్కింది. అత్తగారు తాజాగా ఉంది. ఫిర్యాదు గడిలో నర్సు ఎప్పట్లాగే చెప్పింది చెప్పినట్టు రాసింది: "గదిలో వెలుతురు మరీ ఎక్కువైంది, కళ్ళు జిగేల్మంటున్నాయి. అయినా ఫర్వాలేదు. కిటికీ రెక్క కిర్రుమంటోంది. ఇది అల్లుడుగారికి, శుక్రవారం."

నకళ్ళ బాబాయి నోటుపుస్తకంలో "కిటికీ" అని రాశాడు. టిక్కు పెట్టబోయి ఆగాడు. ఆ మాటనే ఒక చిన్న కాగితం మీద ఇంకోసారి రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేదారిలో యంత్రాల నూనె సీసాలు కొన్నాడు, రెండు. టిక్కు సోమవారం పెట్టాడు.